ముందుమాటల సారు

ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఎవరైనా పుస్తకం వేయాలనుకుంటే తిన్నగా ప్రెస్సుకు పోరు. ముందు సురేంద్ర సారు ఇంటి మెట్లెక్కుతారు. ఇది ఎవరో పెట్టిన కట్టుబాటు కాదు, అయినా ఇంతవరకూ దాటినవాడు లేడు. ఆయన ముందుమాట లేకుండా పుస్తకం తెస్తే, ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకొచ్చినవాడిని చూసినట్టు చూస్తారు జనం.

ఇరవై ఏళ్ళలో ఆయన నలభై మూడు పుస్తకాలకు ముందుమాటలు రాశాడు. కవిత్వానికి, కథలకు, ఊరి చరిత్రలకు, ఒకసారి కోళ్ళ పెంపకం మీద వచ్చిన పుస్తకానికి కూడా రాశాడు. ఆయన పేరుతో సొంత పుస్తకం మాత్రం ఒక్కటీ లేదు. ఆ మాట ఆయన ముందు ఎవరూ ఎత్తరు, వెనక ఎత్తనివాళ్ళు లేరు.

అసలు రాయలేదనడం కూడా తప్పే. దువ్వూరు దగ్గర కాలువ కింద పొలాలున్న ఇల్లు వాళ్ళది. కోతలైపోయాక తొండూరు వైపు నుంచి గొర్రెల మందలు వచ్చి ఆ పొలాల్లో దిగేవి. ఎరువు కోసం రైతులే పిలిచి మంద కట్టించుకునేవాళ్ళు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని ఆ మనుషులను చూసి చూసి, పాతికేళ్ళ వయసులో వాళ్ళ మీద నవల రాశాడు సురేంద్ర. దాన్ని కోస్తాలో ఒక పెద్దాయనకు పంపాడు. "మోటుదనం ఎక్కువగా ఉంది, శుభ్రం చేసి పంపండి" అని ఎర్రసిరా గీతలతో తిరిగొచ్చింది. శుభ్రం చేసి పంపాడు. మళ్ళీ తిరిగొచ్చింది. ఏడుసార్లు కడిగాక అందులో గొర్రెలూ మిగల్లేదు, మనుషులూ మిగల్లేదు. ఆ పెద్దాయన కాలం చేశాడు, నవల ఇనప్పెట్టెలో పడింది, కాలేజీలో తెలుగు చెప్పుకుంటూ సురేంద్ర ఇతరులకు సలహాలివ్వడం మొదలుపెట్టాడు.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున ఆ మెట్లెక్కింది రేణుక. తొండూరు దగ్గర పల్లె. పశువుల ఆస్పత్రిలో సహాయకురాలి ఉద్యోగం, ఊరూరా తిరిగి గొర్రెలకు సూదులు వేస్తుంది. మందుసీసాలు మోసే సంచిలో నుంచి కాగితాల కట్ట తీసి, సారు చేతికి రెండు చేతులతో అందించింది.

"ఏం రాసినావు మ్మా?"

"మాయమ్మ కత సార్. పెద్దసుబ్బమ్మ ఆయమ్మ పేరు. మంద ఎంబడి తిరిగిన కత. ఫోన్లోనే కొట్టినా. పులివెందుల్లో ప్రింటు తీపిచ్చినా. బాగుంటే మీరు ముందుమాట రాయాల. బాగలేకుంటే మొగం మీదనే చెప్పాల."

"ఇంకెవురికన్నా సూపిచ్చినావా?"

"లేదు సార్. మీరు చెప్పినంక ఇంగ ఎవురితోనూ పనేముంది?"

సారు ఉప్పొంగిపోయాడు. రాసేవాళ్ళకు ఓపిక ముఖ్యమని, రోజూ కొంత రాయాలని, పెద్దవాళ్ళను చదవాలని, విమర్శకు కుంగిపోకూడదని నలభైముగ్గురికి చెప్పిన మాటలే ఆ పిల్లకూ చెప్పి పంపాడు. ఆ మాటల్లో తప్పేమీ లేదు. ఎవరి దగ్గర విన్నా అవే వినపడతాయి, అదే వాటి సౌకర్యం.

మధ్యాహ్నం భోజనం చేసి, అరుగు మీద కుర్చీ వేసుకుని కట్ట విప్పాడు. పైన 'నల్లసెవి మంద' అని పేరు. నాలుగు పేజీలు చదివేసరికి వీపు ఆనించి కూర్చున్నవాడు ముందుకు వంగాడు. భార్య రమణమ్మ పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆమెకు వినిపించేలా ఒక పేజీ పైకి చదివాడు.

"మంద నిలబడదు. కాన్పొచ్చిందని చెప్తే గొర్రెలు ఇంటాయా? మా నాయన ఎర్రన్న నల్లసెవి గొర్రె ఎంబడి ముందర పోతానే ఉండాడు. మాయమ్మ దువ్వూరు బాటలో కంపచెట్టు పట్టుకోని నన్ను కనింది. ఉన్ని కత్తిరించే కత్తెరతో బొడ్డు కోసింది. పొద్దున ఈనిన గొర్రెపిల్లలు మూడు జోలెలో ఉండాయి, నన్ను నాలుగోదాన్ని చేసింది. మా నాయన ఎనక్కి తిరిగి సూసేతలికి మైలు దూరం పోయినాడు. అప్పుడు మాయమ్మ తిట్టిన తిట్టు దువ్వూరు దాకా ఇనపడిందంట."

రమణమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఆగింది. కాసేపటికి పైటకొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది.

"ఎవురు రాసినారు దీన్ని? ఆ పిల్లను పిలిచి కడుపు నిండా అన్నం పెట్టాల" అంది.

నలభై ఏళ్ళ కాపురంలో సురేంద్ర రాసిన ఏ వాక్యానికీ ఆమె చేతిలో పని ఆగలేదు. ఆయన కడుపులో మంట అప్పుడు పుట్టింది. ఆ పొలం తనది, ఆ మంద దిగిన గట్టు తనది, ఆ కథ తను రాయవలసింది. గట్టు మీద కూర్చుని చూసినవాడికి దొరకనిది జోలెలో పడుకున్న పిల్లకు దొరికింది. ఆయనకు ఏడుపొచ్చింది, అది బాధతో వచ్చిన ఏడుపు కాదు. శుద్ధమైన కుళ్ళుతో వచ్చిన ఏడుపు. చివర్లో ఆయన మీద ఎవరూ జాలిపడకుండా ఈ సంగతి ఇప్పుడే చెప్పుకోవడం మంచిది. సారుకు తెలియక జరిగిందేమీ లేదు.

మరుసటి రోజు ఎర్రపెన్ను కొనుక్కొచ్చాడు. మొదటి గీత గీసే ముందు రెండుసార్లు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. పదో పేజీకి అలవాటైంది.

వారం తర్వాత రేణుక వచ్చేసరికి కట్టంతా ఎర్రగా ఉంది. ఆ పిల్ల పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఇట్ల రాస్తే ఎవురు సదువుతారు మ్మా? శానా మోటుగా ఉండాది" అన్నాడు సారు. "తొండూరు, దువ్వూరు అని ఊర్ల పేర్లెందుకు? ఒక గ్రామం అను. మీయమ్మ పేరెందుకు? ఒక తల్లి అంటే లోకంలో తల్లులందరి కతా అయితాది. ఆ కత్తెర, ఆ తిట్లు, ఆ వాసనలు తీసెయ్. కన్నీళ్ళు పెట్టాల, ప్రకృతి వర్ణన పెట్టాల, ఆఖర్న సందేశం ఉండాల. గొర్రెకు పేరేంది, నవ్వుతారు."

కొట్టేయమని చెప్పిన మాటలన్నీ, కొట్టేయమన్న భాషలోనే చెప్పాడు. అది ఆయనకు తోచలేదు, ఆ పిల్లకూ తోచలేదు.

సారు లోపల లెక్క వేరు. ఇంత ఎరుపు చూశాక ఆ పిల్ల కోపమొచ్చి కట్ట విసిరికొట్టి పోవాలి, లేదా గుండె పగిలి రాయడం మానేయాలి. ఏది జరిగినా ఆ పుస్తకం బయటికి రాదు. రేణుక ఆ రెండూ చేయలేదు. చెప్పిన మాట విన్నది. పెద్దవాళ్ళు తిట్టేది మన బాగుకేనని నమ్మి పెరిగిన పిల్ల. వరసగా నాలుగు ఆదివారాలు బస్సెక్కి వచ్చి, అరుగు మీద కూర్చుని, కట్ట ఒళ్ళో పెట్టుకుని, ఎర్రగీత ఉన్న చోటల్లా ఫోన్లో బొటనవేలితో కొట్టేస్తూ పోయింది. ఒక్కో మాటా తెర మీద నుంచి పోతూ ఉంటే సారు కిటికీలో నుంచి చూశాడు. రమణమ్మ ఆ పిల్లకు నాలుగు ఆదివారాలూ అన్నం పెట్టింది.

"ఆ పిల్ల కతను ఏం చేస్తాండారు మీరు?" అని అడిగింది ఒకరోజు.

"దోవ సూపిస్తాండా" అన్నాడు సారు.

దిద్దడం అయ్యాక కట్ట తన దగ్గరే పెట్టమన్నాడు, మళ్ళీ సరిచూడాలని సాకు చెప్పి. తర్వాత ఏడాదిన్నర పాటు మరో మూడు సార్లు దిద్దించాడు. ఆఖరిసారి తెచ్చిన ప్రతి చదివి, పెన్ను మూత పెట్టేశాడు. అందులో కుళ్ళుకోవడానికి ఏమీ లేదు. మంట చల్లారింది. ఆ సాయంత్రమే కూర్చుని ఆరు పేజీల ముందుమాట రాశాడు. 'మాండలికపు మోటుదనం అంటని మంచిముత్యం' అని పొగిడాడు. పేరు కూడా తనే పెట్టాడు, 'ఓ తల్లి ప్రస్థానం'.

పుస్తకాన్ని పులివెందులలో ఒక కల్యాణమండపంలో ఆవిష్కరించారు. వేదిక మీద తొమ్మిది కుర్చీలు, తొమ్మిది శాలువాలు. రేణుక ఆస్పత్రిలో పనిచేసే మౌలాలి మైకు సర్దుతూ తిరుగుతున్నాడు. ముందు వరసలో కొత్త చీర కట్టుకుని పెద్దసుబ్బమ్మ కూర్చుంది. నల్లగా, గట్టిగా, గొర్రెలను లెక్కపెట్టేటట్టు వేదిక మీదివాళ్ళను ఒక్కొక్కరినే చూస్తోంది. చదువు రాదు. తన కథ పుస్తకమైందని మాత్రం కూతురు చెప్పింది.

రేణుక కాన్పు అధ్యాయం చదివింది. "ఆ నిర్జన ప్రదేశంలో ఆ తల్లి కన్నీరుమున్నీరుగా విలపించింది. ఆమె వేదనకు ప్రకృతి సైతం మౌనంగా రోదించింది..." కొందరు మర్యాదగా కళ్ళు తుడుచుకున్నారు. సారు పెద్దసుబ్బమ్మ వైపు చూశాడు. ఆమె చక్కగా, శ్రద్ధగా, పరాయివాళ్ళ ఇంట్లో చావుకబురు విన్నట్టు వింటోంది.

భోజనాల దగ్గర ఆమె సారును వెతుక్కుంటూ వచ్చింది.

"సారూ, బిడ్డ బాగా సదివింది. ఆయమ్మ ఎవురో పాపం, శానా ఏడ్చే మనిషి మాదిరి ఉండాది. నా కత ఎప్పుడు సదువుతారు? దానికోసరమని మందను పక్కింటోళ్ళ మీద ఇడిసిపెట్టి వచ్చినా. పోవాల."

సారు చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాడు. "అదే మ్మా నీ కత" అనగలిగాడు.

పెద్దసుబ్బమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"నేనెప్పుడు ఏడిస్తినప్పా? మా ఎర్రన్నను తిడితి" అంది. చెయ్యి కడుక్కోవడానికి పోయింది.

ఆ ముక్క సారు గుండెలో దిగిపోయింది. నవల ఏడోసారి తిరిగొచ్చిన రోజు తనకు ఎట్లా ఉండిందో ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. బయటికొచ్చి రేణుకను పక్కకు పిలిచాడు.

"మొట్టమొదట రాసింది ఫోన్లో ఉండాదా మ్మా?"

"యాడుంటాది సార్? దాన్నే దిద్దుకుంటా వచ్చినా గదా. అదే ఇది."

కాబట్టి 'నల్లసెవి మంద' ఈ భూమ్మీద ఒకే ఒక చోట ఉంది. ప్రొద్దుటూరులో, సారు ఇనప్పెట్టెలో, ఎర్రగీతల కింద. గీతలు గీశాడే గానీ సిరా పూయలేదు, ప్రతి మాటా చదవడానికి వస్తుంది. తిరిగి ఇచ్చేస్తే పుస్తకం బతుకుతుంది. ఇవ్వాలంటే ఎందుకు గీశాడో చెప్పాలి. ఎనిమిది నెలలు ఆయన ఏమీ చేయలేదు. ఈలోగా 'ఓ తల్లి ప్రస్థానం'కు ఒక సంస్థ బహుమతి ఇచ్చింది, పేపర్లో రేణుక ఫోటో పడింది, పక్కన శాలువాతో సారు.

ఆ తర్వాత జమ్మలమడుగులో రాయాలనుకునే పిల్లల కోసం ఒక సభ పెట్టారు. 'పుస్తకం రాయడం ఎలా? నవ రచయితలకు సలహాలు, ప్రోత్సాహం' అని బ్యానరు. ముఖ్య అతిథి రేణుక, అధ్యక్షుడు సారు. ఆ పొద్దున ఆయన ఇనప్పెట్టె తెరిచి కట్ట తీసి సంచిలో పెట్టుకున్నాడు. రమణమ్మ చూసింది, సంచికి ముడి వేసి ఇచ్చింది.

బస్సులో కూర్చుని చెప్పవలసిన మాట పెదాల మీద తిప్పుకున్నాడు. 'అమ్మా, ఇదే నీ పుస్తకం. కుళ్ళుకోని నేనే చెడగొట్టినా. దీన్ని వేద్దాం, దీనికి ముందుమాట వద్దు.' జమ్మలమడుగు చేరేలోపల ఏడెనిమిదిసార్లు అనుకున్నాడు. ఎక్కడా తడబడలేదు.

హాలు దగ్గర రేణుక పది మంది మధ్య నిలబడి ఉంది. సారును చూసి వంగి కాళ్ళకు దండం పెట్టింది. ఆ దండం దగ్గరే ఆయన ధైర్యం కారిపోయింది. సంచి విప్పి కట్ట చేతికిచ్చాడు.

"ఇది నీది మ్మా. ఒకసారి సూడు" అన్నాడు. మిగతాది కాగితాలే చెప్తాయిలే అనుకున్నాడు. పిరికివాళ్ళందరూ అట్లాగే అనుకుంటారు.

రేణుక దాన్ని ఎందుకిచ్చాడో తన తెలివికి తగ్గట్టు అర్థం చేసుకుంది. పాఠం చెప్పడానికి పనికొస్తుందని ఇచ్చాడనుకుంది. మైకు ముందుకు పోయి, కట్టను పైకెత్తి చూపించింది.

"నాకు కూడా మొదట్లో రాయడం రాదు పిల్లలూ. ఎంత అధ్వానంగా రాసేదాన్నో చూడండి. మా సారు ఈ గీతలు గీయకుంటే నేను ఈ రోజు ఇక్కడ ఉండను. ఒక ముక్క చదువుతా, నవ్వుకోండి."

చదివింది. కంపచెట్టు, కత్తెర, నాలుగో పిల్ల, దువ్వూరు దాకా వినపడిన తిట్టు. పిల్లలు పగలబడి నవ్వారు. పొద్దున ఇంట్లో తల్లితో ఆ మాటలే మాట్లాడి బస్సెక్కి వచ్చిన పిల్లలు, ఆ మాటలు కాగితం మీద వినపడితే నవ్వారు. రేణుక కూడా నవ్వింది. సారు అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన కూడా నవ్వాడు.

తర్వాత ఆయన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచాడు. మైకు చేతిలోకి వచ్చింది. బస్సులో అనుకున్న వాక్యం నాలుక కొస మీద ఉంది. అదే క్షణంలో ఎవరో వెనక నుంచి భుజాల మీద శాలువా కప్పారు, చప్పట్లు మోగాయి.

"రేణుక చెప్పిందే నా మాట కూడా. ఓపిక ఉండాలి. పెద్దల దిద్దుబాటును వినయంగా స్వీకరించాలి" అని చెప్పి కూర్చున్నాడు.

సభ ముగిశాక రేణుక కట్టను తెచ్చి ఆయన సంచిలోనే పెట్టింది. "మీకాడే ఉండనీండి సార్. ఇంట్లో ఉంటే మాయమ్మ ఎవురితోనన్నా సదివిపిచ్చుకుంటాది. నాకు సిగ్గు" అని నవ్వి, తన బల్ల దగ్గరికి పోయింది. అక్కడ పిల్లలు నోటుపుస్తకాలు పట్టుకుని వరసకట్టారు.

ఆ వరస దాటుకుని ఒక పిల్ల సారు దగ్గరికి వచ్చింది. డిగ్రీ చదువుతోంది, పేరు జాహ్నవి. నోటుపుస్తకం గుండెకు అదుముకుని ఉంది.

"సార్, మాయవ్వ గురమ్మ కత రాసినా. గండికోట కాడ చెనక్కాయలు అమ్మేది ఆయవ్వ. మీరిప్పుడు చెప్పినట్ల అంతా మార్చుకోని తెస్తా. ముందుమాట మీరే రాయాల."

సారు తెరిచి చూశాడు. మొదటి వాక్యం ఇట్లా ఉంది. 'మాయవ్వకు కోపమొస్తే తక్కెడ తీసుకోని కొడతాది, శాంతమొస్తే అదే తక్కెడలో నాకు చెనక్కాయలు పోస్తాది.'

చుట్టూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు, మైకు తీసేస్తున్నారు. వంగి, గొంతు తగ్గించి, అరవై ఎనిమిదేళ్ళకు మొదటిసారి ఒక మంచి సలహా చెప్పాడు.

"ఒక్క మాట కూడా మార్చొద్దు మ్మా. ఇది శానా బాగుండాది. ఎవురికీ సూపియ్యొద్దు, నాక్కూడా. ఇట్లనే రాసుకుంటా పో."

ఆ పిల్ల మొహంలో సంతోషం కోసం చూశాడు. సంతోషం రాలేదు. నుదురు ముడిపడింది.

"మీరు ఇందాక మైకులో అట్ల చెప్పలేదే సార్?"

"మైకులో చెప్పింది తప్పు మ్మా."

జాహ్నవి ఆయన భుజాల మీద శాలువాను, బల్ల దగ్గర రేణుకను మార్చి మార్చి చూసింది.

"రేణుక మేడమ్‌కేమో దిద్ది దిద్ది బహుమతి తెప్పిచ్చినారు. నాకాడికి వచ్చేతలికి దిద్దుకోవద్దు, ఎవురికీ సూపియ్యొద్దు అంటాండారు" అంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతో. "నాకు పేరొస్తే మీకేం పోతాది సార్?"

ఆ ప్రశ్న మూడేళ్ళ కిందట, అరుగు మీద, ఇంకో పిల్ల అడగవలసింది. అడిగి ఉంటే ఆయన దగ్గర జవాబు ఉండేది. ఇప్పుడు లేదు. "లేదు మ్మా, నిజంగానే..." అని మొదలుపెట్టాడు గానీ, జాహ్నవి ఆయన చేతిలోని నోటుపుస్తకం లాక్కుని అప్పటికే వెనక్కి తిరిగింది.

వరసలో చివర నిలబడింది. ముందున్న పిల్లలు ఒక్కొక్కరే తగ్గారు. సారు సంచి ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. తన వంతు రాగానే జాహ్నవి మొదటి పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది. రేణుక ఆప్యాయంగా నవ్వి, ఆ పిల్ల భుజం తట్టి, ఎర్రపెన్ను మూత తీసింది.